పిల్లలు మన కోసం బాగైపోవక్కర్లేదు

పెద్ద దెబ్బ తిన్న పిల్లల విషయంలో ఇంట్లోవాళ్ళు మొదట వెతుక్కునేది ఒక్కటే, వాడు బాగానే ఉన్నాడన్న ఆనవాలు. తిన్నాడా, నవ్వాడా, స్కూలుకెళ్ళాడా, రాత్రి పడుకున్నాడా? అన్నిటికీ అవునన్న జవాబొస్తే "హమ్మయ్య, మర్చిపోయాడు" అనుకుంటారు. నా గొడవంతా ఈ హమ్మయ్యతోనే. ఆ మాట అనుకోవడానికి మనం ఎంత ఆత్రపడుతున్నామో పిల్లలకు తెలిసిపోతుంది. తెలిశాక మనకు కావలసింది వాళ్ళు ఇచ్చేస్తారు. తింటారు, నవ్వుతారు, బ్యాగు తగిలించుకుని వెళ్ళొస్తారు. లోపలున్నది లోపలే ఉంటుంది. పైగా అది మన కంట పడకుండా చూసుకునే పని ఒకటి అదనంగా వాళ్ళ నెత్తిన పడుతుంది.

ఆ అదనపు పని తప్పించడమే పెద్దలు మొదట చేయాల్సిందని నేను గట్టిగా అనుకుంటాను. మాట్లాడించడం, ధైర్యం చెప్పడం, డాక్టరుకు చూపించడం తర్వాతి సంగతి. మరిపించడమైతే అసలు మన పనే కాదు.

కొన్నేళ్ళ క్రితం మా అక్కావాళ్ళ కారును ఎదురుగా వచ్చిన లారీ గుద్దింది. బావ దక్కలేదు. అక్క చాలాకాలం ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. వెనక సీట్లో ఉన్న వాళ్ళబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. ఒంటిమీద గీరుకుపోయిన గుర్తులు తప్ప ఏమీ కాలేదు. అక్క లేచి తిరిగేదాకా వాడు మా దగ్గరే పెరిగాడు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ వాడి తల నిమిరి "నయం, పిల్లాడికేం కాలేదు" అనేవాళ్ళు.

వాడి దగ్గర రెండు బొమ్మ బండ్లుండేవి, ఎర్ర కారు, పసుపు లారీ. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు ఆట ఎప్పుడూ ఒకేలా సాగేది. ఎర్ర కారు గోడవారగా వస్తుంది, మంచం కోడు దగ్గర మలుపు తిరుగుతుంది, లారీ వచ్చి గుద్దుతుంది, కారు బోర్లా పడుతుంది. మళ్ళీ మొదటికి. పిల్లలు బండ్లు గుద్దించేటప్పుడు నోటితో చేసే ఢాం ఢాంలు ఏవీ లేవు. మొహంలో ఆట తాలూకు సరదా కూడా లేదు, ఎవరో అప్పజెప్పిన పని చేస్తున్నట్టు ఉండేవాడు. తలుపు కిర్రుమంటే చాలు, చేతులు చకచకా కదిలేవి. నేను లోపలికొచ్చేసరికి రెండు బండ్లూ పక్కపక్కన వరసగా నిలబడి ఉండేవి. "రేసు పెట్టా పిన్నీ" అనేవాడు, నా మొహం వంకే చూస్తూ.

ఆ చూపే నన్ను ఆలోచనలో పడేసింది. దాచిపెట్టింది భయంతో కాదు, నేను తిడతానని అసలే కాదు. నేను ఏడుస్తానేమోనని చూస్తున్నాడు. ఆ ఇంట్లో అప్పటికే అందరూ ఏడ్చి ఉన్నారు, ఇంకొకరిని ఏడిపించడం వాడికి ఇష్టం లేదు.

ఈ ఆట సంగతి మా ఒక్క ఇంటిదే కాదని తర్వాత తెలిసింది. 1976 జులైలో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే చిన్న ఊళ్ళో ఒక స్కూలు బస్సును దుండగులు అడ్డగించి 26 మంది పిల్లల్నీ డ్రైవర్నీ ఎత్తుకుపోయారు. గంటల తరబడి వ్యాన్లలో తిప్పి, చివరికి ఒక క్వారీలో భూమిలో పాతిపెట్టిన వాహనంలోకి దింపి పైన మూసేశారు. దాదాపు 16 గంటల తర్వాత డ్రైవరూ పెద్ద పిల్లలూ కలిసి దారి చేసుకుని బయటపడ్డారు. అందరూ ప్రాణాలతో ఇళ్ళకు చేరారు. కొన్ని నెలలకు లెనోర్ టెర్ అనే పిల్లల మానసిక వైద్యురాలు అక్కడికి వెళ్ళి ఆ పిల్లల్లో చాలామందిని కలిసింది. ఆ దెబ్బ ఆనవాళ్ళు లేని పిల్లంటూ ఆమెకు కనబడలేదు. నాలుగైదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్తే అప్పటికీ ఉన్నాయి. తాము ఎక్కువకాలం బతకమని, పెద్దయ్యాక ఏదో అవుతామన్న ఊహే రావట్లేదని చెప్పిన పిల్లలున్నారు. సంతోషం లేకుండా ఒకేలా తిరిగే ఆట గురించి ఆమె వివరంగా రాసింది. మామూలు ఆట పిల్లల మనసును తేలిక చేస్తుంది, ఇది చేయదు. ఆడిన కొద్దీ బిగుసుకుపోతారు.

కాబట్టి పెంచేవాళ్ళు గమనించాల్సింది పిల్లాడు ఆడుతున్నాడా లేదా అని మాత్రమే కాదు, వారాలు గడిచేకొద్దీ ఆటలో మార్పేమైనా వస్తోందా అని. అంబులెన్సు వచ్చిందనుకోండి, ఎవరో తలుపు తీసి బయటికి లాగారనుకోండి, లారీ ఈసారి ఆగిందనుకోండి, అది మంచి మలుపు. అదే ఆట అక్షరం మారకుండా నెలలు సాగుతూ, ఆడాక పిల్లాడు ఇంకా చిరాగ్గా, టెన్షన్‌గా కనిపిస్తే బయటి సాయం తీసుకోవాలి. నేను పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూసేదాన్ని. ఒకరోజు "ఆ కార్లో ఎవరున్నారు?" అని మాత్రం అడిగాను. "ఎవరూ లేరు" అన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత నేను వచ్చినా బండ్లు వరసలో పెట్టడం మానేశాడు. నాకు అదే పెద్ద విషయం.

పిల్లలు పెద్దల మొహాలు ఇంతగా ఎందుకు చదువుతారంటే, వాళ్ళ బతుకే మన మీద ఆధారపడి ఉంది కాబట్టి. ఇది మాటలు రాకముందే మొదలవుతుంది. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. నెలల బిడ్డతో చక్కగా ఆడుతున్న తల్లిని కాసేపు మొహంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, ఊఁ ఊఁ అంటుంది, ఎలాగైనా తల్లిని మళ్ళీ తనవైపు తిప్పుకోవాలని తనకొచ్చిన విద్యలన్నీ చూపిస్తుంది. పని జరక్కపోతే మొహం పక్కకు తిప్పేసుకుంటుంది. కూర్చోవడం కూడా సరిగ్గా రాని పసిబిడ్డ తల్లిని మామూలు మనిషిని చేయడానికి ఇంత పాటుపడితే, ఆరేళ్ళవాడు పడడా?

రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ పిల్లల కోసం నర్సరీలు నడిపారు. వాళ్ళు గమనించింది ఇప్పటికీ చాలామందికి మింగుడుపడదు. తల్లి దగ్గరే ఉండి, ఆ తల్లి నిబ్బరంగా ఉంటే బాంబుల మధ్య కూడా పిల్లలు చాలావరకు తట్టుకున్నారు. క్షేమంగా ఉండాలని తల్లికి దూరంగా పంపేసిన పిల్లల్లో ఆ ఎడబాటే పెద్ద దెబ్బయింది. అంటే పిల్లలకు భయం కొలిచే సాధనం దగ్గరున్న పెద్ద మనిషి మొహమే. ఆ మొహం చూసి ఎంత భయపడాలో తేల్చుకుంటారు.

ఇది చదివి "అయితే మనం ఏడవకూడదా, రాయిలా ఉండాలా" అనుకునే ప్రమాదం ఉంది. రాయిలా ఉన్న మొహం ఏం చేస్తుందో పైన ట్రానిక్ ప్రయోగంలో చూశాం కదా. ఏడవచ్చు. ఏడిస్తే ఆ ఏడుపు దేనికో పిల్లలకు చెప్పాలి, దాన్ని ఆపే పని వాళ్ళకు అప్పజెప్పకూడదు, అంతే. "నాన్న గుర్తొచ్చి ఏడుపొచ్చింది రా. కాసేపటికి తగ్గుతుంది. నువ్వేం చేయక్కర్లేదు" అంటే సరిపోతుంది. మా అమ్మ వాణ్ణి దగ్గరకు తీసుకున్నప్పుడల్లా భోరుమనేది, పాపం ఆవిడ దుఃఖం ఆవిడది. వాడు చిన్న చేతులతో ఆవిడ కళ్ళు తుడుస్తూ "ఏడవకు అమ్మమ్మా, నాన్న ఊరెళ్ళాడు, వచ్చేస్తాడు" అన్నాడు. మొదటి రోజుల్లో ఎవరో వాడికి చెప్పిన అబద్ధాన్ని తీసుకెళ్ళి అమ్మమ్మను ఓదార్చడానికి వాడుకున్నాడు.

ఆ సాయంత్రమే వాడికి నిజం చెప్పాం. ఊరెళ్ళాడు, నిద్రపోయాడు, దేవుడి దగ్గరున్నాడు లాంటి మాటలు చిన్నపిల్లలు ఉన్నదున్నట్టు తీసుకుంటారు. ఊరెళ్తే ఎప్పుడొస్తాడని అడుగుతారు, నిద్రపోయి లేవలేదంటే రాత్రిళ్ళు పడుకోవడానికి భయపడతారు. చావంటే తిరిగి రాకపోవడమన్నది చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య తలకెక్కుతుంది, అప్పటిదాకా మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటారు. "నాన్న చనిపోయాడు. ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఇక రాడు. అమ్మ ఆస్పత్రిలో ఉంది, డాక్టర్లు చూస్తున్నారు." ఇంతకన్నా ఎక్కువ చెప్పలేదు. అమ్మ తప్పకుండా వచ్చేస్తుందని కూడా అనలేదు, ఎందుకంటే అప్పటికి మాకే తెలియదు. "అమ్మ ఇంటికొచ్చేదాకా నువ్వు నా దగ్గర ఉంటావు" అన్న మాట మాత్రం ఇచ్చాను, అది నా చేతిలో ఉంది కాబట్టి.

ఇక మెచ్చుకోలు గురించి. "ఎంత ధైర్యవంతుడో, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు" అని పిల్లాడి ముందే అనడం నాకు తిట్టులా వినిపిస్తుంది. దాచినందుకు శభాష్ అంటే ఇంకా బాగా దాచడం నేర్చుకుంటాడు. "ఇక ఇంటికి దిక్కువి నువ్వే, అమ్మను నువ్వే చూసుకోవాలి" అని ఆరేళ్ళవాడి భుజం తట్టిన పెద్దమనుషులూ ఉన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ తండ్రి పోయిన పిల్లాడికి తండ్రి ఉద్యోగం ఇచ్చినట్టు కాదా అది? నేను ఆ మాట విన్నప్పుడు వాడి ముందే "లేదండీ, అమ్మను మేం చూసుకుంటాం, వాడు ఒకటో తరగతి చదువుతున్నాడు" అనేదాన్ని. ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు.

దీనికి సరిగ్గా రెండో వైపు, మాట్లాడించి తీరాలనే వాళ్ళు. "మనసులో పెట్టుకోకూడదు నాన్నా, ఏం జరిగిందో చెప్పు" అని కూర్చోబెట్టి అడగడం. ఈ మధ్య ఇంటర్నెట్‌లో చదివి వచ్చిన బంధువులు ఈ రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో ఆపదలో చిక్కుకున్నవాళ్ళను జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దని స్పష్టంగా ఉంది. వాళ్ళకు ఏం కావాలో చూడటం, చెబితే వినడం, సాయం దొరికే చోటికి చేర్చడం, ఇంతే. బలవంతంగా చెప్పించడమూ చెప్పనివ్వకపోవడమూ నా దృష్టిలో ఒకటే. రెండిటిలోనూ పిల్లాడు పెద్దవాళ్ళ అవసరం తీరుస్తున్నాడు.

పిల్లలు చెప్పే తీరు వేరు. ఎదురుగా కూర్చోబెడితే చెప్పరు. కళ్ళలో కళ్ళు పెట్టి చూడక్కర్లేని చోట, పక్కపక్కన నడుస్తున్నప్పుడు, లైటు తీసేశాక, సంబంధం లేని సందర్భంలో ఒక ముక్క జారవిడుస్తారు. ఆ ముక్కకు మనం ఏం చేస్తామో చూస్తారు. ఒక రాత్రి పడుకోబోతుంటే చీకట్లో మావాడు "పిన్నీ, నేను నీళ్ళడిగా" అన్నాడు.

దాహం వేస్తోందేమో అనుకుని లేవబోయాను. "ఇప్పుడు కాదు. కార్లో."

"కార్లో అడిగావా?"

"ఊఁ. నాన్న వెనక్కి తిరిగాడు."

ఇక్కడ నోటికొచ్చే మాట "ఛ ఛ, అలా అనుకోకూడదు, నీ తప్పేం లేదు." ఆ మాట నిజమే, తొందరపడి అంటే మాత్రం తలుపు మూసేసినట్టే. ఇన్నాళ్ళుగా మోస్తున్నది వాడింకా పూర్తిగా దించనే లేదు. "నువ్వు నీళ్ళడిగావు, నాన్న వెనక్కి తిరిగాడు, అందుకే లారీ గుద్దిందనుకుంటున్నావా?" అని అడిగాను. చాలాసేపటికి "ఊఁ" వచ్చింది. అప్పుడు చెప్పాను. లారీ తన వైపు వదిలేసి మన వైపుకొచ్చిందని, పోలీసులు రోడ్డు మీద గుర్తులు కొలిచి ఆ మాట చెప్పారని, దాహమైతే పిల్లలు నీళ్ళడుగుతారని, అడగాలని.

ఆ తర్వాత కూడా అదే ప్రశ్న చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో. "మొన్నే చెప్పాను కదా" అనకూడదు. జవాబు మారుతుందేమోనని చూస్తున్నాడు, మారకపోవడమే వాడికి కావాలి. ఒకవేళ బావ నిజంగానే ఆ క్షణంలో వెనక్కి తిరిగి ఉంటే? నేనూ ఆలోచించాను. అప్పుడైనా జవాబు మారదు. బండి నడిపేవాళ్ళ పని రోడ్డు చూడటం, వెనక సీట్లో పిల్లాడి పని దాహమేస్తే చెప్పడం. చెడు జరిగినప్పుడు చిన్నపిల్లలు దానికి కారణం తామేననుకుంటారు. నేను అల్లరి చేశాను కాబట్టి అమ్మానాన్న విడిపోయారు, తమ్ముడు చచ్చిపోతే బాగుండనుకున్నాను కాబట్టి వాడికి జబ్బు చేసింది. అడక్కపోతే ఇవి ఎప్పటికీ బయటికి రావు.

ఇప్పటిదాకా చెప్పింది ప్రమాదం గురించి. గాయం చేసింది మనిషైతే, అందులోనూ ఇంట్లో మనిషైతే నా మాట ఇంకా కఠినంగా ఉంటుంది. పిల్లల మీద లైంగిక దాడులు చేసేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళకు తెలిసినవాళ్ళే. అలాంటప్పుడు ఇంటి పరువు, పెద్దవాళ్ళ ఆరోగ్యం, అక్క పెళ్ళి, అన్నీ కలిసి ఆ పిల్ల ఒక్కదాని మౌనం మీద నిలబడతాయి. "ఇంకెవరికీ చెప్పకు" అన్న మాటకు అర్థం, మేమంతా బాగుండాలంటే నీకేం కాలేదని నువ్వు ఒప్పుకోవాలనే. పిల్లలు చెబితే నమ్మండి. ప్రశ్నలతో ముంచెత్తకండి, మాటలు అందించకండి, వాళ్ళు చెప్పినంతే వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టుకోండి. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వేయకండి, నిలబెట్టుకోలేరు. ఆ మనిషికీ పిల్లకీ మధ్య దూరం పెట్టాకే మిగతా మాటలు. దెబ్బ ఇంకా తగులుతుండగా మానడం గురించి మాట్లాడటంలో అర్థం లేదు. ఈ ఒక్క విషయంలో కుటుంబంలో నలుగురి అభిప్రాయం తీసుకోవాలన్న పద్ధతిని నేను ఒప్పుకోను.

పిల్లల ఒళ్ళు ఏం చేస్తుందో తెలిస్తే వాళ్ళ మీద కోపం సగం తగ్గుతుంది. ఆపద వచ్చినప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం అలారం మోగిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆపద పోయాక అలారం ఆగాలి. దెబ్బతిన్న పిల్లల్లో అది చిన్నదానికే మోగుతూ ఉంటుంది, ఒక బ్రేకు చప్పుడుకో, పెట్రోలు వాసనకో, గొంతు పెంచి మాట్లాడిన మనిషికో. సర్దిచెప్పుకోవడానికి పనికొచ్చే ముందు మెదడు ఎటూ ఇరవై దాటేదాకా ఎదుగుతూనే ఉంటుంది. అలారం మోగుతుండగా చెప్పే నీతులు, "నీకు ఎన్నిసార్లు చెప్పాలి"లు ఏవీ లోపలికి వెళ్ళవు. ముందు ఒళ్ళు నెమ్మదించాలి, ఆ తర్వాత దగ్గరితనం, మాటలు అన్నిటికన్నా చివర. క్లాసులో ధ్యాస ఉండట్లేదని టీచరు చెబితే, వాడి ధ్యాస తలుపు మీద, కిటికీ మీద ఉందేమో కూడా చూడాలి. లోపల కాపలా కాస్తున్న పిల్లల్ని ఏకాగ్రత లేని పిల్లలుగా పొరబడటం తరచూ జరిగేదే. మానేసిన పక్కతడపడం, వేలు చీకడం మళ్ళీ మొదలవడం కూడా ఇందులో భాగమే, దానికి శిక్ష వేయకూడదు.

ఆ అలారాన్ని తగ్గించేది పెద్ద పెద్ద సర్‌ప్రైజులు, విహారాలు కావు. రోజు ఎలా గడవబోతోందో ముందే తెలిసి ఉండటం. మావాడు రోజూ పొద్దున "ఎన్నింటికొస్తావ్?" అని అడిగేవాడు. ఆరింటికంటే ఆరింటికి గేటు దగ్గరుండాలి. ఆలస్యమయ్యేట్టుంటే ఆరు కొట్టకముందే ఫోను చేయాలి, కొట్టాక కాదు. ఇంటికి రావాల్సిన మనిషి రాకపోవడమంటే ఏమిటో వాడికి ఒకసారి తెలిసింది, కాబట్టి నా ఐదు నిమిషాలు వాడికి ఐదు నిమిషాలు కాదు. చిన్న చిన్న నిర్ణయాలు వాడికే వదిలేశాం, ఏ చొక్కా, ఏ కథ, లైటు ఉంచాలా తీయాలా. ఏదీ తన చేతిలో లేకుండా పోయిన రోజొకటి చూసినవాడికి ఇవి చిన్నవి కావు.

కారెక్కనంటే అసలు ఎక్కించకుండా ఉండటం దయలా కనిపిస్తుంది. కొన్నాళ్ళు సరే. నెలల తరబడి తప్పిస్తే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు, తప్పించుకున్న ప్రతిసారీ "చూశావా, ఎక్కనందుకే బతికాం" అని ఒళ్ళు నేర్చుకుంటుంది. మేం ఆగి ఉన్న కార్లో తలుపులు తీసి కూర్చోవడంతో మొదలుపెట్టాం. తర్వాత తలుపులు వేసి. తర్వాత ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా. వీధి చివరిదాకా వెళ్ళి రావడానికి చాలా రోజులు పట్టింది. "ఆపు" అన్నప్పుడు ఆపుతానని మాటిచ్చాను, ఆపాను కూడా, వెనక హారన్లు మోగుతున్నా.

పెంచేవాళ్ళకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ట్రానిక్ పరిశోధనల్లోనే తేలిందేమిటంటే, మామూలు ఆరోగ్యకరమైన తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందేది దాదాపు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడం. బిడ్డకు నమ్మకం కుదిరేది ఆ మళ్ళీ కలుసుకోవడంలోనే. ఎప్పుడూ ఓపిగ్గా ఉండే దేవత ఎవరికీ అక్కర్లేదు. విసుక్కుంటే, తర్వాత వెళ్ళి "ఇందాక విసుక్కున్నాను, అది నా అలసట, నీ వల్ల కాదు" అనగలిగే మనిషి చాలు. ఆ మనిషికి కూడా ఏడవడానికి, పడుకోవడానికి, నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి పిల్లాడు కాని వేరే ఎవరైనా ఉండాలి. నాకు ఒక స్నేహితురాలు ఉండేది. ఆమెతో ఫోనుకు నేను పిల్లాడి స్నానం కన్నా తక్కువ ప్రాముఖ్యం ఇవ్వలేదు.

కన్నవాళ్ళే కావాలా? అక్కర్లేదు. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలను తీసుకుని, సుమారు సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. ఆశ్రమాల్లో మిగిలినవాళ్ళకన్నా కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు తెలివిలో, బంధం ఏర్పరచుకోవడంలో ముందుకొచ్చారు, రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు ఇంకా ఎక్కువ. అప్పటిదాకా ముక్కూమొహం తెలియని మనుషులు చేసిన పని అది.

ఇంకోటి, దెబ్బతిన్న పిల్లలందరికీ జబ్బు రాదు. 2014లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, తీవ్రమైన సంఘటనలు ఎదుర్కొన్న పిల్లల్లో పీటీఎస్డీ (పెద్ద దెబ్బ తిన్నాక వదలకుండా పట్టుకునే మానసిక సమస్య) అని నిర్ధారించగలిగేంత స్థితి వచ్చినవాళ్ళు దాదాపు 16 శాతం. మనుషుల చేతుల్లో హింసకు గురైనవాళ్ళలో ఎక్కువ, ప్రమాదాల్లో తక్కువ. చాలామందికి మొదటి ఆరు నెలల్లో తమంతట తామే తగ్గుతుంది. అందుకే మొదటి వారంలోనే కంగారుపడి మందుల కోసం పరిగెత్తక్కర్లేదు. మొదటి నెలలో ఈ లక్షణాలకు పిల్లలకు బెంజోడయాజెపైన్ రకం మత్తుమందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. నెల దాటినా పీడకలలు, భయాలు, మొద్దుబారిపోవడం తగ్గకుండా చదువుకూ ఆటకూ అడ్డుపడుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. చచ్చిపోవాలని ఉందన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. మూడేళ్ళ నుంచి 18 ఏళ్ళదాకా బాగా పరీక్షకు నిలిచిన చికిత్స కోహెన్, మానరినో, డెబ్లింజర్ రూపొందించిన ట్రామా ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆ దెబ్బ మీదే దృష్టి పెట్టి ఆలోచనల్నీ నడతనూ సరిచేసే మాటల చికిత్స. సాధారణంగా 12 నుంచి 16 విడతలు పడుతుంది. అందులో నాకు నచ్చిందేమిటంటే పెంచేవాళ్ళకూ పిల్లాడితో సమానంగా సమయం కేటాయిస్తారు. పిల్లాడు తన కథ తయారుచేసుకుని చివర్లో మనకు చెబుతాడు, అది విని తట్టుకోవడానికి మనల్ని ముందే సిద్ధం చేస్తారు. నా దృష్టిలో చికిత్స కిటుకంతా అక్కడే ఉంది. నిజం చెప్పినా ఎదుటి మనిషి కూలిపోలేదని పిల్లాడు కళ్ళారా చూస్తాడు. కౌన్సెలర్‌ను ఎంచుకునేటప్పుడు "నన్ను ఇందులో ఎలా కలుపుతారు?" అని అడగండి. పిల్లాణ్ణి దింపేసి వెళ్ళండి, బాగుచేసి ఇస్తాం అనే చోటు నాకు నచ్చదు.

భయపెట్టే లెక్కలు చూసి కుంగిపోయే తల్లిదండ్రులకు ఒక మాట. 1998లో ఫెలిట్టి, అండా అనే వైద్యులు వెలువరించిన అధ్యయనం బాల్యంలో చేదు అనుభవాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక గుండెజబ్బులు, డిప్రెషన్ లాంటివి పెరుగుతాయని చూపించింది. అప్పట్నుంచి పది ప్రశ్నల స్కోరు ఒకటి నెట్‌లో తిరుగుతోంది, పిల్లలకు మార్కులేసి బెంగపడేవాళ్ళను చూశాను. ఆ స్కోరు జనాభాను అర్థం చేసుకోవడానికే తప్ప ఒక్కొక్క మనిషి భవిష్యత్తు చెప్పడానికి పనికిరాదని 2020లో అండాయే తన సహచరులతో కలిసి రాశాడు.

ఇక "ఎప్పటికి బాగవుతాడు?" అన్న ప్రశ్న. ఇది కూడా మన హమ్మయ్య కోసమే. పిల్లలు పెరిగేకొద్దీ అదే సంగతిని కొత్త బుర్రతో మళ్ళీ అర్థం చేసుకుంటారు. ఆరేళ్ళప్పుడు మావాడి ప్రశ్న నాన్న ఎప్పుడొస్తాడని. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ కూడా చచ్చిపోతుందా అని. ఇప్పుడు మీసం వస్తున్న వయసులో అక్క దగ్గరుంటూ, సెలవులకొచ్చినప్పుడు ఆ లారీ డ్రైవరుకు ఏమైందని, నాన్నకు నొప్పి తెలిసిందా అని, కేసు కాగితాలు చూడొచ్చా అని అడుగుతున్నాడు. బాగున్నవాడే ఇవన్నీ అడుగుతాడు. కాబట్టి ఆ రోజుల ఆస్పత్రి కాగితాలు, పోలీసు రిపోర్టు, ఫోటోలు "చూస్తే బాధ" అని పారేయకండి. ఒక కవర్లో పెట్టి, ఎవరు ఏం చెప్పారో తేదీలతో సహా రాసి ఉంచండి. మా దగ్గర ఉంది. అక్కా నేనూ మాట్లాడుకుని ఈ సెలవుల్లో వాడితో కలిసి తీద్దామనుకున్నాం. ముందు ఏ కాగితం చూస్తావో నువ్వే చెప్పమన్నాం, పోలీసులు గీసిన రోడ్డు మ్యాపు అన్నాడు.